కెమెరాయే ప్రాణమైన సెల్‌ఫోను - ఒక పరిశీలన

విద్యార్థి మిత్రులు సెల్‌ఫోను కొనబోవునపుడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: "కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు?" దుకాణదారుడును ఆ సంఖ్యనే ముందుగా చెప్పును. 50 కన్న 108 మేలనియు, 108 కన్న 200 మేలనియు మనము తలచుచున్నాము. ఈ కొలమానము సరియైనది కాదని నా అభిప్రాయము. అందులకు నిదర్శనముగా, కెమెరానే ప్రధానముగా నెంచి నిర్మించిన ఒక ఫోను చరిత్రను పాఠకుల ముందుంచుచున్నాను.

అది నోకియా 808 ప్యూర్‌వ్యూ. ఫిన్లాండు దేశమునకు చెందిన నోకియా సంస్థ 2012 ఫిబ్రవరిలో బార్సిలోనా నగరమున జరిగిన మొబైల్ ప్రదర్శనలో దానిని లోకమునకు చూపినది. ఆనాడు పేరొందిన ఫోనులలో సైతము 8 మెగాపిక్సెళ్ల కెమెరా యుండుట గొప్ప. అట్టి సమయమున 41 మెగాపిక్సెళ్లని విన్నవారు కొందరు ఆశ్చర్యపడిరి. కొందరు ఇది ప్రచారపు టార్భాటమని పెదవి విరిచిరి.

కాని ఆ ఫోను చేసిన పని వేరు. సాధారణముగా అది ఇచ్చు చిత్రము 5 మెగాపిక్సెళ్లది మాత్రమే. సెన్సారుపై నున్న సుమారు 7 బిందువులు గ్రహించిన వెలుగును కలిపి, చిత్రములో ఒక్క బిందువుగా కూర్చెడిది. ఒక సంఘటనను గూర్చి ఒక్క సాక్షి చెప్పిన మాటకన్న ఏడుగురు సాక్షుల మాటలను పోల్చి చూచినచో సత్యము తేటపడును గదా! అట్లే ఒక్కొక్క బిందువులోని పొరపాటు తక్కిన వానితో కలిసి సరిపడి, చిత్రము నిర్మలమగును. దూరపు వస్తువును దగ్గరగా చూపవలసి వచ్చినపుడు సెన్సారులోని నడిమి భాగమును మాత్రమే వాడుకొని, 3 రెట్ల వరకు వివరము చెడకుండ చూపగలిగెడిది.

దీనికి మూలము సంఖ్య కాదు, వైశాల్యము. దాని సెన్సారు ఆనాటి మంచి ఫోనుల సెన్సారుల కన్న వైశాల్యములో దాదాపు అయిదింతలు పెద్దది. వానలో చెంబు పెట్టినవానికన్న గంగాళము పెట్టినవానికి ఎక్కువ నీరు చిక్కును. కెమెరాకు వెలుగే ఆ వాన నీరు.

ఇక రెండవ వైపు చూతము. ఆ పెద్ద సెన్సారునకును, జైస్ లెన్సునకును చోటు కల్పించుటకై ఫోను వీపున ఒక గూను ఏర్పడినది. ఆ చోట దాని మందము ఇంచుమించు 18 మిల్లీమీటర్లు. బరువు 169 గ్రాములు. తెరపై బిందువులు 640 నిలువు, 360 అడ్డము మాత్రమే. తాను తీసిన చక్కని చిత్రమును తన తెరపైననే చక్కగా చూపజాలని దుస్థితి దానిది! అన్నింటికంటె పెద్ద లోపము దానిని నడుపు సింబియన్ వ్యవస్థ. 2011 ఫిబ్రవరిలోనే నోకియా సంస్థ సింబియన్‌ను విడిచి విండోస్ ఫోన్ మార్గము పట్టుచున్నట్లు ప్రకటించినది. అనగా ఈ ఫోను వెలువడు నాటికే దాని ఇల్లు పాడుపడుచున్నది. సింబియన్‌తో వచ్చిన నోకియా ఫోనులలో ఇదే కడపటిది. 2017లో వాట్సాప్ సైతము సింబియన్ ఫోనులపై ఆగిపోయినది.

మా అన్నయ్య వాడి విడిచిన ఈ ఫోను ఇంకను మా ఇంట కలదు. ఒక సాయంకాలము కళాశాల గ్రంథాలయమునకు దానిని తీసికొనిపోయి, రంగు మారిన పాత సంచిక యొకదానిలోని పుటను చిత్రించితిని. నా మిత్రుడు మూడంకెల మెగాపిక్సెళ్ల క్రొత్త ఫోనుతో అదే పుటను తీసెను. అతని చిత్రము చూచుటకు తళతళలాడినది. కాని పెద్దది చేసి చూడగా ఉర్దూ అక్షరముల నుఖ్తాలు కొన్ని చెరిగిపోయినవి. మసక వెలుగులోని మరకలను తుడిచివేయు యత్నములో ఆ యంత్రము చుక్కలను కూడ తుడిచినది. నా చిత్రము కొంత మందముగా నున్నను చుక్కలు నిలిచినవి. కాని అతడు తన చిత్రమును క్షణములో ఉపన్యాసకులకు పంపెను; నేను ఇంటికి పోయి, కంప్యూటరునకు తీగ కలుపవలసి వచ్చినది.

చుక్క పోయిన నేమి యనవచ్చునా? ఉర్దూలో ఒక్క నుఖ్తా భేదముతో 'దుఆ' 'దగా' యగును. తెలుగులో 'కద'కును 'కథ'కును నడుమ నున్న భేదము చిన్న గుర్తులలోనే కలదు. రెండు భాషల విద్యార్థులు చదువు మన కళాశాలలో ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కావున నా తీర్పు ఇది. నోకియా 808 ఒక్క పాఠ్యాంశములో ప్రథమ స్థానము పొంది, తక్కిన వానిలో తప్పిన విద్యార్థి వంటిది. అట్టివానికి పట్టము రాదు. అయినను వాని ప్రతిభ అబద్ధము కాదు. దాని భావన 2013లో వచ్చిన లూమియా 1020లో కొనసాగినది. నేటి ఫోనులలో నున్నదియు అదే సూత్రము: 48 మెగాపిక్సెళ్ల సెన్సారు 4 బిందువులను, 108 దానిది 9, 200 దానిది 16 బిందువులను ఒకటిగా కలుపును. అనగా 200 అని కొన్నవాని చేతికి సాధారణముగా వచ్చు చిత్రము 12.5 మెగాపిక్సెళ్లది! సంఖ్య పెరిగినది గాని, సెన్సారు చిన్నదైనచో ప్రతి బిందువునకు దక్కు వెలుగు తగ్గినది. 2016లో గూగుల్ పిక్సెల్ 12 మెగాపిక్సెళ్లతోనే పేరొందుటకు కారణము, వెంటవెంట తీసిన పలు చిత్రములను ఒకటిగా కూర్చు నేర్పు.

మిత్రులారా! ఫోను కొనునపుడు సంఖ్యను వినవలదు. చిన్న అక్షరముల పుట నొకటి వెంట తీసికొనిపోయి, దుకాణములో దీపము తక్కువగా నున్న మూలను చిత్రించి, పెద్దది చేసి చదువుడు. పిమ్మట ఆ ఫోను ఎన్నేండ్లు క్రొత్త మార్పులను పొందునో అడుగుడు. మొదటి ప్రశ్న కెమెరాను, రెండవది ఫోనును పరీక్షించును. 808 మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో ఓడినది.

కళాశాల సంఘ పెద్దలకు ఒక విన్నపము. గ్రంథాలయములోని పాత సంచికలు ఏటేట పెళుసుబారుచున్నవి. వానిని చిత్రించి భద్రపరచు యోచన చేయునెడల, పెద్ద సంఖ్య గల పరికరమునకై ధనము వెచ్చించుటకు ముందు, కదలని స్టాండును, రెండు మంచి దీపములను సమకూర్చ ప్రార్థన. వెలుగు చాలినచో సామాన్యమైన కెమెరా సైతము నుఖ్తాను నిలుపును. వెలుగు చాలనిచో ఎంత పెద్ద సంఖ్యయు పోయిన చుక్కను తిరిగి తేజాలదు.