పోయింది అని చెప్పడానికి మాకు పది రోజులు పట్టింది



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మేము నలుగురం, ఒకే హాస్టల్ రూమ్. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మేము చేసిన ఒక వెధవ పని గురించి రాస్తున్నాం. సిగ్గుగానే ఉంది. కానీ మన గ్రూపులోనే కొందరు తమ్ముళ్లు "ట్రేడింగ్‌కి ఏ యాప్ మంచిది అన్నా" అని అడుగుతున్నారు. అందుకే దాచుకోవడం లేదు.

ఫోన్లో ఒక చానెల్ చూసి ఆప్షన్స్ మొదలుపెట్టాం. మా పేరు మీద కుదరలేదని మాలో ఒకడి అన్న అకౌంటు వాడుకున్నాం. అదీ తప్పే. తలా 3,000, మొత్తం 12,000. మొదటి రెండు రోజుల్లో 2,600 లాభం. తీసేసి బిర్యానీ తిన్నాం. ఆ తర్వాత రోజు చూస్తే 12,000 కాస్తా 7,400 అయింది.

అక్కడ ఆగి ఉంటే పోయేది 4,600. ఆగలేదు. "రేపు లేస్తుందిరా" అన్నాడు ఒకడు. మిగతా ముగ్గురికీ కూడా అదే మాట వినాలని ఉంది. పరీక్ష ఫీజుకని దాచిన డబ్బులోంచి ఇంకో 8,000 వేశాం. అందులో ఒకడి అమ్మ పసుపు అమ్మి పంపిన డబ్బు కూడా ఉంది. దీన్ని "యావరేజ్ చేయడం" అంటారట. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నానికి 1,900 మిగిలింది. అంటే పోయింది 18,100.

అప్పుడు ఎవరూ చెప్పని లెక్క ఒకటి ఇప్పుడు చెప్తాం. 12,000 లో 4,600 పోతే నష్టం 38 శాతం. కానీ 7,400 తో మళ్లీ 12,000 కి రావాలంటే 62 శాతం లాభం రావాలి. సగం పోతే, ఉన్నదానికి రెట్టింపు కావాలి. నష్టం పెరిగే కొద్దీ ఎక్కాల్సిన కొండ ఇంకా నిటారు అవుతుంది. పైగా మేము కొన్నది షేరు కాదు. ఆప్షన్‌కి గడువు ఉంటుంది. మనం కొన్న వైపు మార్కెట్ ఆ గడువులోపు పోకపోతే దాని విలువ సున్నా. "పట్టుకుని కూర్చుంటే ఎప్పటికైనా వస్తుంది" అనే మాట అక్కడ చెల్లదు.

మేము ఒక్కళ్లమే కాదు. 2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. మమ్మల్ని ఆపింది ఆ అంకె కాదు. వరసగా నష్టాలొచ్చినా నూటికి 75 మందికి పైగా ఆట మానలేదని అందులోనే ఉంది. అది చదివాక ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. మేమూ అంతే కదా.

ఎందుకు మానలేకపోయాం? ఆశ ఒకటే అయితే మానేసేవాళ్లం. అసలు కారణం సిగ్గు. అమ్మితే "పోయింది" అని ఒప్పుకోవాలి. అమ్మనంతసేపూ "ఇంకా ఉంది" అనుకోవచ్చు. ఊళ్లో అందరూ "చదువుకుంటున్న పిల్లలు" అంటుంటే, డబ్బు పారేశామని ఏ నోటితో చెప్తాం? పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి ఫోన్లో అమ్మకి చెప్తే తిట్టలేదు. "మొదటి రోజే చెప్పుంటే మిగతాదైనా మిగిలేది కదా అయ్యా" అంది, అంతే.

ఆలోచిస్తే ఈ పాఠం మన సంతలోనే ఉంది. సీతాఫలాలు తెచ్చిన అమ్మ పొద్దున్న బేరం చేస్తుంది, సాయంత్రానికి ధర తగ్గించి అమ్మేస్తుంది. రేపటికి కుళ్లిపోతాయని ఆమెకి తెలుసు. అదే ఎండబెట్టిన పసుపు, మిరియాలైతే, ధర నచ్చకపోతే మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. వచ్చే వారం సంతకి మళ్లీ తెస్తుంది. కుళ్లేదానికి ఒక పద్ధతి, నిలిచేదానికి ఇంకో పద్ధతి. మేము చేసిందేమిటంటే సీతాఫలాన్ని పసుపు అనుకుని దాచాం.

2025 లో అరకు వైపు కాఫీ తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడినప్పుడు ఏం చేశారో గుర్తుందా? పురుగు పట్టిన చోట్ల కాయలన్నీ దూసేసి, వేడినీళ్లలో ముంచి, గొయ్యి తీసి పాతిపెట్టించారు. ఏడాది పంట అలా పూడ్చడం ఎవరికి ఇష్టం? మిగతా తోటలు దక్కాలని చేశారు.

అయితే ఒక మాట. "నష్టం తగ్గించుకోండి" అని మనకి చెప్పే వాళ్లందరూ మన మంచికి చెప్పరు. అప్పు ఇచ్చిన సావుకారు పసుపుని కూడా సీతాఫలంలా అమ్మిస్తాడు. మన అవసరం అతనికి తెలుసు. 1956 లో జీసీసీ పెట్టిందే అలాంటి దళారుల నుంచి మనల్ని కాపాడటానికి.

చదువులోనూ ఇదే జరుగుతోంది. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోగానే "మనకి ఎక్కదులే" అని ఊరికి పోయిన వాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. మాకూ బ్యాక్‌లాగ్‌లు ఉండేవి. రాసి పాసయ్యాం. కాఫీ మొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, రెండో ఏడు కాయలేదని ఎవరూ పీకరు. డిగ్రీ కూడా అలాంటిదే. దాన్ని వదిలేయడం నష్టం తగ్గించుకోవడం కాదు.

మరోవైపు, సిటీలో రూమ్ తీసుకుని ఐదారేళ్లుగా కోచింగ్‌లోనే ఉన్న అన్నలూ ఉన్నారు. ఇంటి నుంచి డబ్బు వస్తూనే ఉంది, వయసు పోతూనే ఉంది. "ఇన్నేళ్లు పెట్టాక ఇప్పుడెలా వదలను" అంటారు. అన్నా, కోపం తెచ్చుకోవద్దు. మేము రెండోసారి 8,000 వేసేటప్పుడు అన్న మాట కూడా అదే. పోయిన ఏళ్లు ఎలాగూ తిరిగి రావు. ఈ రోజే కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే ఇదే పని మొదలుపెడతావా అని ఒక్కసారి అడుగు. అవునంటే చదువు. కాదంటే ఏదో ఒక పనిలో చేరి, చేస్తూనే పరీక్ష రాయొచ్చు కదా.

మా అభిప్రాయం ఇంతే. ఏ పనిలోనైనా దిగకముందే, తల చల్లగా ఉన్నప్పుడే, ఎంత పోతే ఆగాలో అనుకోవాలి. కాగితం మీద రాయాలి, ఇంకొకరికి చెప్పాలి. దిగాక మన బుర్ర మన మాట వినదు. ఫీజు డబ్బు, తిండి డబ్బు, ఇంట్లో వాళ్ల డబ్బు అయితే అసలు దిగొద్దు.

మా ఫీజు ఒక సీనియర్ అన్న కట్టాడు. ఆదివారాలు క్యాటరింగ్‌కి వెళ్లి తీరుస్తున్నాం, ఇంకా 5,000 ఉంది. యాప్ తీసేశాం.

మీలో ఎవరైనా ఇలా ఇరుక్కుని ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. నవ్వం, తిట్టం. కాకపోతే ఫీజు గడువు రాకముందే చెప్పండి.