హారం వద్దని పిన్‌బాల్ కొనుక్కున్నాను, అయితే ఏంటట?

మా బేస్‌మెంట్‌లోకి పిన్‌బాల్ మెషీన్ వచ్చి మూడు వారాలైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా అది నాదనుకోలేదు. "అన్నయ్యగారి బొమ్మ బ్రహ్మాండంగా ఉంది వదినా" అని ఒకావిడ. "పిల్లలకి ఇంత ఖరీదైనవి అలవాటు చేస్తే ఎలాగమ్మా" అని ఇంకో పెద్దావిడ. నాదేనండీ, పెళ్ళయి ఇరవై ఏళ్ళయిందని మావారు హారం కొంటానంటే, అది వద్దని ఇది తీసుకున్నాను అని చెప్పానో లేదో, అందరిదీ ఒకటే ప్రశ్న. "దానివల్ల ఉపయోగం ఏంటి?"

నా కోపమంతా ఈ ప్రశ్న మీదే.

మావారు గోల్ఫ్ కర్రలు కొన్నప్పుడు ఎవరూ అడగలేదే! పాపం ఆఫీసులో అలిసిపోతారు, ఆయనకీ ఏదో ఒకటి ఉండాలిగా అన్నారు. మన చేతికి మాత్రం ఏ వస్తువొచ్చినా దాని వెనకాల ఓ సాకు ఉండాలి. ట్రెడ్‌మిల్ అయితే ఆరోగ్యం. కుట్టుమిషన్ అయితే పొదుపు. వీణ కొనుక్కున్నా పిల్లలకి సంగీతం అబ్బుతుందని చెప్పుకోవాలి. ఉత్తినే ఆడుకోవడానికి అంటే మొహాలు మాడిపోతాయి. పాత మెషీన్లకి కూడా మంచి ధరే వస్తుంది, డబ్బెక్కడికీ పోదులెండి అని మావారు నన్ను వెనకేసుకురాబోయారు. ఆ సాకు కూడా వద్దన్నాను. ఏడువేల డాలర్లతో మన ఊళ్ళో ఒక పిల్లని చదివించొచ్చు కదా అని ఒకరన్నారు. తప్పకుండా చదివించొచ్చు. కానీ హారం కొనుంటే ఈ మాట వచ్చేదా? డిజైన్ ఎక్కడిది, తరుగెంత పడింది అని అడిగేవారు.

సరే, మెషీన్ సంగతి. వంద కిలోల పైమాటే. ఇద్దరు మనుషులు ట్రాలీ మీద మెట్లు దించారు. కాళ్ళు బిగించి, వాలు సరిచూసుకోవాలి. ఆరున్నర డిగ్రీల వాలు ఉండాలట, తగ్గితే బంతి బద్ధకంగా దొర్లుతుంది. బంతి ఉక్కుది, పెద్ద ఉసిరికాయంత, ఎనభై గ్రాములు. చప్పుడు మాత్రం నేననుకున్నదానికంటే ఎక్కువే. మొదటిరోజు నాకు మూడు బంతులూ కలిపి నిమిషంన్నర రాలేదు. రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి జారిపోవడమే.

నాలుగోరోజుకి కిటుకు తెలిసింది. రెండు బటన్లూ టపటపా కొట్టకూడదు. ఒక ఫ్లిప్పర్ పైకెత్తి పట్టుకుంటే, బంతి వచ్చి దాని మొదట్లో ఒదిగి ఆగిపోతుంది. అప్పుడు ఊపిరి తీసుకుని, ఎటు కొట్టాలో చూసుకుని వదలాలి. పొద్దున్న లేచింది మొదలు నన్నెవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, ఏ పనీ నేను అనుకున్నప్పుడు ఆగదు. ఇక్కడ నేను ఆపితే ఆగుతుంది! ఇంకోటి, బల్లని అరచేత్తో కొంచెం నెట్టొచ్చు, అది మోసం కాదు, ఆటలో భాగమే. మరీ గట్టిగా నెడితే లోపల వేలాడే గుండు, తాపీమేస్త్రీ గోడకి పట్టి చూస్తాడే అలాంటిది, చుట్టూ ఉన్న రింగుకి తగులుతుంది. అంతే, ఫ్లిప్పర్లు చచ్చుబడిపోతాయి. ఎంత నెట్టొచ్చో చేతికి తెలియాలి. మనకి తెలియనిదా అది?

మేముండేది చికాగో శివార్లలో. ఈ మెషీన్లకి పుట్టిల్లు ఈ ఊరే. ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, ఇక్కడే. అంతకుముందు బంతి వదిలి, ఎక్కడ పడుతుందో చూస్తూ కూర్చోవడమే చాలావరకు. ఇది జూదమని న్యూయార్క్‌లో 1942లో నిషేధించారు. మేయర్ లాగ్వార్డియా స్వయంగా సుత్తి పట్టి మెషీన్లు పగలగొట్టాడు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన సిటీ కౌన్సిల్ వాళ్ళ ముందు, బంతి ఏ దారిలో వెళ్తుందో ముందే చెప్పి మరీ పంపించి చూపించాడు. ఇది అదృష్టం కాదు, నేర్పు అని అప్పుడు ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు.

ఆ పాత మెషీన్ల బొమ్మలు చూడండి ఒకసారి. నిలువు అద్దం మీద ఎక్కడ చూసినా ఆడవాళ్ళే, చాలీచాలని బట్టల్లో, నవ్వుతూ. ఆడేవాడు మగాడేనన్న ధీమా అది. అద్దం మీద మనం ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అద్దం ముందు నిలబడితేనే వింత! అలా నిలబడాలనే 2013లో కాలిఫోర్నియా ఓక్లండ్‌లో బెల్స్ అండ్ చైమ్స్ అని ఆడవాళ్ళ లీగ్ ఒకటి పెట్టుకున్నారు. తర్వాత చాలా ఊళ్ళకి పాకింది.

ఇక రెండో ప్రశ్న, "నీకు టైమెక్కడిది?" దీన్ని మగవాళ్ళు అడగరు, మనమే ఒకరినొకరం అడుగుతాం. సీరియల్ చూస్తూ బట్టలు మడతపెట్టే అరగంట మనకి విశ్రాంతి కింద లెక్క. ఈ ఆటలో రెండు చేతులూ బటన్ల మీదే ఉండాలి. చిక్కుడుకాయలు ఒలవడం, ఫోన్ మాట్లాడటం కుదరదు. నాకిందులో బాగా నచ్చింది అదే.

స్కోర్ల పట్టికలో మా పెద్దాడు పైన, నేను నాలుగో స్థానంలో. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా మెషీన్ నాది. ఆ అరగంటలో ఫ్రిజ్‌లో పప్పెక్కడుందని పైనుంచి అరవొద్దని అందరికీ చెప్పాను. పై అరలోనే ఉంటుంది, ఎడమవైపు.