మట్టి బొమ్మల అగస్టా

వినాయక చవితి ముందురోజు చెరువు మట్టి తెచ్చి, చేత్తో స్వామిని చేసుకునే ఇళ్ళు మన ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. స్వామిని చేశాక మిగిలిన మట్టి పిల్లల పాలవుతుంది. ఒకడు ఎలుకను చేస్తాడు, ఒకతి పొయ్యీ కుండా చేసి వంట మొదలుపెడుతుంది. గచ్చంతా మట్టి చేశారని మనం ఓ కేక వేస్తాం. అంతటితో అయిపోతుంది. కానీ అలా మట్టి పిసికినందుకు వారానికి నాలుగైదుసార్లు తండ్రి చేత దెబ్బలు తిన్న ఒక ఆడపిల్ల ఉంది. దెబ్బలు తింటూనే మళ్ళీ వెళ్ళి మట్టి తెచ్చుకునేది. ఆవిడ పేరు అగస్టా సావేజ్. ఈ వారం ఆవిడ కథ చెప్పుకుందాం.

"అమెరికా ఆవిడ గొడవ మనకెందుకమ్మా" అనకండి. చివరికి మన జగ్గయ్యపేట స్తూపం దగ్గరికే తీసుకొస్తాను.

అగస్టా 1892 ఫిబ్రవరి 29న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజు! నల్లజాతి కుటుంబం. పధ్నాలుగుమంది సంతానంలో ఈమె ఏడోది. ఆ ఊరి మట్టి ఎర్రగా, జిగురుగా ఉండేదట. ఇటుక బట్టీల దగ్గర దొరికే ఆ మట్టితో బాతులూ కోళ్ళూ చేసేది. తండ్రి చర్చిలో బోధకుడు. బొమ్మలు చెయ్యడం దేవుడికి ఇష్టంలేని పని అని ఆయన గట్టి నమ్మకం. దెబ్బలతో తనలోని కళంతా దాదాపు పోగొట్టేశాడని పెద్దయ్యాక ఆవిడే చెప్పింది. ఆ "దాదాపు" అన్న మాటలోనే ఆవిడ జీవితమంతా ఉంది చూడండి.

పదిహేనేళ్ళకు పెళ్ళి, పదహారేళ్ళకు కూతురు. కూతురి పేరు ఐరీన్. కొద్దికాలానికే భర్త పోయాడు. చంటిపిల్లతో పుట్టింటికి చేరిన ఆడదాని పరిస్థితి ఏ దేశంలో అయినా ఒకటే కదా, మీకు నేను చెప్పక్కర్లేదు.

1915లో ఆ కుటుంబం వెస్ట్ పామ్ బీచ్ అనే ఊరికి మారింది. అక్కడి నేల ఇసుక. బొమ్మ చేద్దామంటే చిటికెడు బంకమట్టి లేదు. కొన్నాళ్ళు చేతులు ఊరికే ఉన్నాయి. తర్వాత ఒక కుమ్మరి ఆవిడ ఆశ చూసి 25 పౌన్ల మట్టి ఇచ్చాడు. అంటే మన లెక్కలో 11 కిలోలు. ఆ మట్టితో ఆవిడ మేరీమాత విగ్రహం చేసింది. అది చూశాక తండ్రి మనసు కరిగిపోయింది. తర్వాత 1919లో ఆ జిల్లా సంతలో పెట్టిన ఆవిడ బొమ్మలకు 25 డాలర్ల బహుమతి వచ్చింది. "నువ్వు న్యూయార్క్ వెళ్ళి చదువుకో" అని అక్కడి పెద్దలు ప్రోత్సహించారు.

కూతుర్ని తల్లిదండ్రుల దగ్గర వదిలి 1921లో న్యూయార్క్ వెళ్ళింది. చేతిలో ఉన్నది 4 డాలర్ల 60 సెంట్లు. అక్కడ కూపర్ యూనియన్ అనే కళాశాలలో అప్పట్లో ఫీజు లేకుండా చదువు చెప్పేవారు. అందుకే సీటు కోసం పెద్ద వరుస ఉండేది. ఈమె పని చూసి, ముందున్న 142 మందిని దాటించి చేర్చుకున్నారు. నాలుగేళ్ళ చదువు మూడేళ్ళలో ముగించింది. మధ్యలో ఉద్యోగం ఊడి తిండికి ఇబ్బంది వస్తే, కళాశాలవాళ్ళే ఖర్చులకు డబ్బిచ్చి నిలబెట్టారు. అటువంటి మనుషులు దొరకడం కూడా ఒక అదృష్టమే.

కానీ 1923లో గట్టి దెబ్బ తగిలింది. ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో అనే చోట అమెరికా అమ్మాయిల కోసం వేసవి కళా శిక్షణ పెట్టారు. అగస్టా దరఖాస్తు చేసింది, ఎంపిక సంఘం కాదంది. పని బాగాలేక కాదు. నల్లమ్మాయితో కలిసి ప్రయాణం చెయ్యడానికి, కలిసి ఉండడానికి తెల్ల అమ్మాయిలు ఇష్టపడరని! మనమైతే ఏం చేస్తాం? "మన రాత ఇంతే" అని కళ్ళు తుడుచుకుని ఊరుకుంటాం. ఆవిడ పత్రికల వాళ్ళకు చెప్పింది. దేశమంతా తెలిసింది. సంఘంలోని మిగతావాళ్ళు మాత్రం మాట మార్చలేదు. ఒక్క హెర్మన్ మాక్‌నీల్ అనే శిల్పి సిగ్గుపడి, తన దగ్గరికి వచ్చి నేర్చుకోమని పిలిచాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు బట్టలుతికే ఆవిరి లాండ్రీల్లో పని. 1925లో రోమ్ నగరంలో చదువుకోవడానికి ఉపకార వేతనం వచ్చింది. అయితే ప్రయాణం ఖర్చు, అక్కడ ఉండడానికి అయ్యే ఖర్చు తన సొంతం. లాండ్రీ జీతంతో అంత ఎక్కడ కూడుతుంది? వెళ్ళలేకపోయింది. ఈలోగా తండ్రికి పక్షవాతం వచ్చింది. తుఫానులో పుట్టింటివాళ్ళ ఇల్లు పోయింది. వాళ్ళంతా న్యూయార్క్‌లో ఈమె చిన్న ఇంటికే చేరారు. అంతమందికి వండి, లాండ్రీకి వెళ్ళి, ఆ తర్వాత మిగిలిన సమయంలో శిల్పం. ఆ సమయం ఎంత ఉండి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

ఆ రోజుల్లోనే "గామిన్" అనే బొమ్మ చేసింది. గామిన్ అంటే ఫ్రెంచి భాషలో వీధుల్లో తిరిగే కుర్రాడు. తలమీద కాస్త పక్కకి వాలిన టోపీ, నలిగిన చొక్కా, ఈ వయసుకే లోకం చూసేసిన కళ్ళు. తన మేనల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చేసిందని చెబుతారు. ఆ బొమ్మ చూసి 1929లో రోజెన్‌వాల్డ్ నిధి వాళ్ళు డబ్బిచ్చారు. ఒకప్పుడు రానివ్వని ఫ్రాన్స్‌కే దర్జాగా వెళ్ళి, పారిస్‌లో చదువుకుని వచ్చింది.

తిరిగి వచ్చేసరికి అమెరికాలో ఆర్థిక మాంద్యం. తిండికే లేనివాళ్ళు శిల్పాలేం కొంటారు? అగస్టా అప్పుడు చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో 1932లో బొమ్మల బడి పెట్టింది. వీధిలో ఆడుకునే పిల్లల్ని లోపలికి పిలిచి మట్టి చేతికిచ్చింది. 1934లో మహిళా చిత్రకారుల, శిల్పుల జాతీయ సంఘంలో చేరింది. ఆ సంఘంలో చేరిన మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే. 1937లో ప్రభుత్వ సాయంతో హార్లెం కళాకేంద్రం పెడితే దానికి మొదటి డైరెక్టరు అయింది. తర్వాత గొప్ప చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న జేకబ్ లారెన్స్, ఆయన భార్య గ్వెండలిన్ నైట్ ఆవిడ దగ్గర పెరిగినవాళ్ళే. జేకబ్‌కి 21 ఏళ్ళు నిండగానే ప్రభుత్వ కళా పథకంలో ఉద్యోగం వేయించింది ఆవిడే.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. 1939లో న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికి శిల్పం చెయ్యమని అగస్టాని అడిగారు. అలా పిలిచిన కళాకారుల్లో నల్లజాతి స్త్రీ ఆవిడ ఒక్కతే. ఆవిడ చేసినది హార్ప్. మన వీణలాగా తీగలు మీటే పెద్ద వాద్యం అది. కానీ ఆ తీగల స్థానంలో మనుషులు! వరసగా నిలబడి పాడుతున్న నల్లపిల్లలు, పొడుగు నుంచి పొట్టికి దిగుతూ, వాళ్ళ అంగీల మడతలే తీగలు. ఆ వాద్యం అడుగుభాగం దేవుడి చెయ్యి. ముందు ఒక యువకుడు మోకాళ్ళ మీద కూర్చుని పాట కాగితం చాస్తుంటాడు. జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసిన ఒక పాటను నల్లజాతివాళ్ళు తమ జాతీయగీతంలా పాడుకుంటారు. దాన్ని తలుచుకుని చేసింది. ఎత్తు 16 అడుగులు, అంటే మన డాబా ఇంటి పైకప్పు కంటే ఎక్కువ. జనం విరగబడి చూశారు. చిన్న లోహపు నమూనాలు కొనుక్కుపోయారు.

ప్రదర్శన అయిపోయింది. శిల్పాన్ని పడగొట్టేశారు.

ఎందుకంటే అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసింది. నల్లరాయిలా కనిపించేటట్టు రంగు వేశారంతే. ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. పచ్చి మట్టి బొమ్మ ఆరితే బీటలు వారుతుంది. అందుకని దానిమీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. మన కజ్జికాయల చెక్కలాంటిదే అనుకోండి. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే బొమ్మ వస్తుంది. అయితే అది తడికీ దెబ్బకీ ఆగదు. పది కాలాలు ఉండాలంటే కంచులో పోయాలి. మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూత పూసి, కాల్చి, మైనం కరిగి బయటికి పోయాక ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మన పంచలోహ విగ్రహాలదీ ఇదే పద్ధతి. పనితనం ఎంతో డబ్బూ అంత కావాలి. అగస్టా దగ్గర కంచుకు డబ్బు లేదు, అంత పెద్ద శిల్పాన్ని తరలించి దాచే చోటూ లేదు. ఇస్తామని ఎవరూ ముందుకు రాలేదు. ఆవిడ జీవితంలో చేసిన శిల్పాల్లో చాలా భాగం ఇలాగే మట్టిలోనూ ప్లాస్టర్‌లోనూ ఉండిపోయి మనకు దక్కలేదు.

మీలో కొందరు అనొచ్చు, "మన ముగ్గు రోజూ చెరిగిపోతుంది, వినాయకుణ్ణి మనమే నీళ్ళలో కలుపుతాం, దానికి బాధేముంది" అని. నేనూ దీని గురించి చాలాసేపు ఆలోచించాను. ముగ్గు చెరుగుతుందని తెలిసే పెడతాం. నిమజ్జనం మన ఇష్టంతో, మన చేత్తో, మంత్రం చెప్పి చేస్తాం. వచ్చే ఏడు మళ్ళీ రమ్మని పంపిస్తాం. అగస్టా శిల్పానికి జరిగింది అది కాదు. ఆవిడ ఉంచాలనుకుంది, ఉంచే స్తోమత లేక పోయింది. ఈ రెండూ ఒకటే అనుకుని మనసు సరిపెట్టుకుంటే ఆడవాళ్ళ పనికి ఎప్పటికీ నిలకడ రాదు.

నిలకడ అనేది వస్తువులో ఉండదు, చూసుకునే మనుషుల్లో ఉంటుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి, గోపయ్య స్వామి విగ్రహాలు కర్రవి. కర్రకు రంగు వెలిసిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి వాళ్ళని ఊరేగింపుగా జగ్గయ్యపేట తెచ్చి, రంగులు వేయించి, మళ్ళీ సంబరంగా తీసుకువెళతారు. నందిగామ దాటితే దగ్గర్లోనే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మలకు ఇళ్ళల్లో ఆడవాళ్ళు రంగులు దిద్దుతారు. మన బొమ్మల కొలువులో ఆ దశావతారాలూ ఏనుగు అంబారీ తరాలుగా ఉంటున్నాయంటే, పాతచీర ముక్కల్లో చుట్టి అటక మీద దాచే చేతులు ఉండబట్టే.

ఇప్పుడు చెప్పినట్టే మన స్తూపం దగ్గరికి వద్దాం. జగ్గయ్యపేటలో ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది కదా. అక్కడ దొరికిన శిల్పాల్లో మాంధాత చక్రవర్తి ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ చుట్టుపక్కల సున్నపురాయి ఇవాళ సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది. ఆనాడు అటువంటి సున్నపురాయి మీదే శిల్పాలు చెక్కారు. అక్కడి స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం, అంటే 3వ శతాబ్దం నాటి శాసనం ఉంది. అది రాజు వేయించింది కాదు. సిద్ధార్థుడు అనే పనివాడు, మరో పనివాడి కొడుకు, స్తంభాలు నిలబెట్టి రాయించింది. అందులో తన తల్లి పేరు, భార్య పేరు, కూతురి పేరు కూడా చెక్కించాడు! 1700 ఏళ్ళ కిందటి ఒక పనివాడి ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఇంకా చదవగలుగుతున్నామంటే, ఆ పేర్లు రాయాలని ఆ రోజు ఒకరికి తోచబట్టే.

అగస్టా 1945లో న్యూయార్క్ వదిలి సాగర్టీస్ అనే పల్లెకు వెళ్ళిపోయింది. అక్కడ తోటపని, పిల్లలకు బొమ్మలు నేర్పడం. 1962 మార్చిలో కన్నుమూసింది. అప్పటికి లోకం ఆవిడను దాదాపు మరచిపోయింది. కానీ 1930లలోనే ఆవిడ ఒక మాట అంది. తను చేసినవి నిలుస్తాయని తనకు నమ్మకం లేదట. ఈ పిల్లల్లో ఒక్కరిలోనైనా ఉన్న కళను బయటికి తేగలిగితే వాళ్ళ పనే తన స్మారకం అట. ఆ మాట నిజమైంది. జేకబ్ లారెన్స్ చిత్రాలు ఇవాళ అమెరికాలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఆవిడ చేసిన గామిన్ కూడా వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 2018లో ఫ్లోరిడాలోనే, ఆవిడ పుట్టిన ఊరికి దగ్గర్లోని జాక్సన్‌విల్‌లో, పెద్ద ప్రదర్శన పెట్టారు.

మనం అగస్టాలం కాకపోవచ్చు. అయినా రెండు పనులు చెయ్యొచ్చు. చపాతీ పిండితో పిచ్చుకను చేసిన పిల్లను "పిండి పాడుచేశావ్" అనేముందు ఆ పిచ్చుకను ఒకసారి చూడండి. ఇంకోటి, మీ అమ్మగారు కుట్టిన బొంత, అత్తగారు వేసిన అల్లిక, పెద్దమ్మగారి ముగ్గుల పుస్తకం ఇంట్లో ఉంటే, దాని వెనక మూల మీద వాళ్ళ పేరు, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాసి పెట్టండి. గుడ్డ అయితే దారంతో కుట్టండి. మీరు చేసినదైతే మీ పేరు రాయడానికి మొహమాటపడకండి. "ఫలానావారి భార్య" అని కాదు, మీ పేరు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.