హామ్‌స్టర్‌కు ఒంట్లో బాగుండకపోతే

పిల్లలూ! క్రిందటి నెల ఈ పేజీలో కుందేళ్ళ సంగతి చెప్పుకున్నాం. ఈ నెల దానికన్నా చిన్న జంతువు, హామ్‌స్టర్ సంగతి చూద్దాం. మీ గుప్పిట్లో ఇమిడిపోతుంది. తోక ఉన్నదా లేదా అన్నట్టు ఉంటుంది. ఎలుకకు దగ్గరి చుట్టం. దీన్ని ఎట్లా పెంచాలో మీలో చాలామందికి తెలుసు. ఎప్పుడు పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలో మటుకు పెద్దవాళ్ళలో కూడా కొద్దిమందికే తెలుసు.

ఇళ్ళలో ఎక్కువగా కనిపించే బంగారు వన్నె హామ్‌స్టర్ సొంత ఊరు సిరియా దేశంలోని అలెప్పో పరిసరాలు. 1930లో అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు అక్కడ ఒక గోధుమ చేనులో నేల తవ్వించి, ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టి జెరూసలేముకు తీసుకుపోయాడు. ఈనాడు పంజరాల్లో పెరిగే బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కుటుంబపు సంతానమే! ఆ చేలల్లో గుడ్లగూబలూ, నక్కలూ, పాములూ తిరుగుతాయి. నీరసంగా ఉన్న జంతువు ముందుగా వాటికి చిక్కుతుంది. అందుకని హామ్‌స్టర్ జబ్బును చేతనైనంత కాలం దాస్తుంది. మీ ఇంట్లో గుడ్లగూబ లేదన్న సంగతి దానికి తెలియదు గదా! కనక అది జబ్బుగా ఉన్నట్టు మీకు కనిపించే వేళకు, జబ్బు చాలావరకు ముదిరి ఉంటుంది.

మరి ముందుగా తెలుసుకోవడం ఎట్లా? ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది ఎట్లా ఉంటుందో మీకు బాగా తెలిసి ఉండాలి. హామ్‌స్టర్ పగలంతా పడుకుంటుంది. అది జబ్బు కాదు. రోజూ సాయంకాలం అది లేచిన వేళకు కాసేపు చూడండి. తిండి గిన్నె ఖాళీ అయింది గనక తిన్నదని అనుకోకండి. అది గింజలన్నీ బుగ్గల్లోని సంచుల్లో నింపుకుని, మూలకు మోసుకుపోయి దాచుకుంటుంది. జర్మను భాషలో సరుకులు కూడబెట్టి దాచడాన్ని దీని పేరుతోనే చెబుతారు. కనక గిన్నె మాట నమ్మకుండా త్రాసు మాట నమ్మండి. గ్రాములు చూపే చిన్న త్రాసు మీద ఒక డబ్బా పెట్టి, వారానికి ఒకసారి దాన్ని తూచి, బరువు పుస్తకంలో రాసి పెట్టుకోండి. 120 గ్రాములుండేది 108కి దిగిందనుకోండి. పన్నెండు గ్రాములేగా అనిపిస్తుంది. కాని 30 కిలోల పిల్లవాడు 3 కిలోలు తగ్గిపోయినట్టే! అమ్మా నాన్నా ఊరుకుంటారా?

కొన్ని గుర్తులు చూసి కంగారు పడనక్కరలేదు. బంగారు హామ్‌స్టర్‌కు రెండు పక్కలా తుంటి దగ్గర నల్లటి మచ్చలుంటాయి; అవి వాసన గ్రంథులు. ముందుపళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. అదే వాటి సహజమైన రంగు. ఆ పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి గనక, మరీ పొడుగై నోటికి అడ్డం వస్తే మటుకు వైద్యుడే కత్తిరించాలి. గోళ్ళు తీసే కత్తెరతో మీరు ప్రయత్నించారో, పన్ను నిలువునా చీలిపోవచ్చు. అట్లాగే ఒక బుగ్గ ఉబ్బి మర్నాటికి కూడా తగ్గకపోతే, సంచిలో ఏదో ఇరుక్కున్నదన్న మాట. బెల్లం ముక్క, చాకొలెట్టు వంటి జిగురు పదార్థాలు పెట్టవద్దనేది ఇందుకే.

ఇక ఆలస్యం చేయకూడని గుర్తులు. తోక కిందా, వెనక భాగమంతా తడిసి, చెడు వాసన వేస్తున్నదంటే నీళ్ళ విరేచనాలవుతున్నాయి. ముఖ్యంగా రెండు నెలల లోపు పిల్లలకు ఇది వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. "రేపు ఆదివారం, సోమవారం చూద్దాం" అనే జబ్బు కాదిది. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, రొమ్ములో పిల్లికూతలు, ఎక్కడినించైనా రక్తం రావడం, ఒళ్ళు ఒక పక్కకు ఒరిగిపోవడం, ఒక రోజంతా ఏమీ తినకపోవడం — వీటిలో ఏది కనిపించినా ఆ రోజే తీసుకుపోవాలి. బొచ్చు రేగి, వీపు వంచి, కళ్ళు సగం మూసి మూల కూర్చున్నా అంతే. ఎన్నడూ కరవనిది ఉన్నట్టుండి కరిస్తే కోప్పడకండి. ఎక్కడో నొప్పిగా ఉండి ఉంటుంది. మీ వేలు సబ్బుతో కడిగి, ఇంట్లో పెద్దలకు చూపించండి.

మన వేసవి దీనికి పెద్ద శత్రువు. గది వేడి 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం. మనకేమో మే నెలలో నలభై దాటుతుంది! వెల్లకిలా సోలిపోయి, ఎగరోజుతూ ఉంటే వెంటనే చల్లటి గదిలోకి మార్చి, తడిగుడ్డ పక్కన పెట్టి, వైద్యుడి దగ్గరికి బయలుదేరండి. మంచునీళ్ళలో ముంచవద్దు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇంట్లో మిగిలిన మాత్రలు దీనికి వేయకండి. పెన్సిలిన్, ఎమాక్సిసిలిన్ మనుషుల ప్రాణాలు కాపాడే మందులే. కాని హామ్‌స్టర్ కడుపులోని మంచి సూక్ష్మజీవులను అవి చంపేస్తాయి. ఆ చోట విషం పుట్టించే సూక్ష్మజీవులు పెరిగి, జంతువు చనిపోతుంది. దానికి పనికివచ్చే మందులు వేరే ఉన్నాయి, వైద్యుడికి తెలుసు. రెండో మాట: పిల్లల చేతిలోనుంచి అది జారి కింద పడితే, తిడతారన్న భయంతో వాళ్ళు చెప్పరు. మందలింపు రేపటికి వాయిదా వేసి, ఎంత ఎత్తునుంచి పడ్డదో ముందు అడగండి. పైకి దెబ్బ లేకపోయినా లోపల ఎముక విరిగి ఉండవచ్చు. పిల్లలూ, మీరూ దాచకండి. జబ్బు దాచడం హామ్‌స్టర్ ఎట్లాగూ చేస్తూనే ఉన్నది.

పశువుల ఆసుపత్రులు కొన్నిటిలో ఆవులనూ గేదెలనూ చూడటమే అలవాటు. అందుకని హామ్‌స్టర్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, మీ ఊళ్ళో చిన్న జంతువులను చూసే వైద్యుడెవరో ఫోనులో కనుక్కుని, ఆ నంబరు పంజరం దగ్గర రాసి పెట్టండి. తీసుకుపోయేటప్పుడు గాలి ఆడే గట్టి పెట్టెలో దాని గూటిలోని పరుపే కాస్త వేయండి; తన వాసన ఉంటే బెదరదు. నీళ్ళ సీసా దారిలో కారి దాన్ని తడిపేస్తుంది గనక, బదులు కీరదోస ముక్క పెట్టండి. విరేచనాలైతే మటుకు ముక్క వద్దు. నీళ్ళ సీసా విడిగా పట్టుకుపోయి మధ్యమధ్య అందించండి. దానికి వాంతి కాదు గనక పస్తు ఉంచి తీసుకుపోనక్కరలేదు. ఆనాటి పెంటికలు నాలుగు కాగితంలో పొట్లం కట్టండి, బరువు రాసిన పుస్తకం చేత పట్టుకోండి. వయసెంత, ఏం తింటుంది, ఎప్పటినుంచి ఇట్లా ఉన్నది — వైద్యుడు ముందుగా అడిగేవి ఇవే. వీటికి జవాబులు నాన్నగారికన్నా మీకే బాగా తెలుస్తాయి. కనక మీరూ వెంట వెళ్ళండి.