గడువు తీరిన కాగితం

రమజాన్ నెలలో మా బంధువుల ఇంట ఇఫ్తార్ అనంతరం జరిగిన సంభాషణే ఈ మాసం మా శీర్షికకు విషయమైంది. ఆ ఇంటి పెద్దబ్బాయి దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కారు అతని పేరిట ఉంది, నడిపేది తండ్రి. నిరుడు సెలవుపై వచ్చినప్పుడు అబ్బాయే బీమా రెన్యువల్ చేయించి వెళ్లాడు. ఈ ఏడు బీమా సంస్థ పంపిన సందేశాలన్నీ అతని పాత ఫోను నంబరుకు వెళ్లాయి. ఆ నంబరు మూతపడి చాలా కాలమైంది. పాలసీ ముగిసి ఐదు నెలలు గడిచాక, పోలీసులు కారు ఆపి 2,000 రూపాయల చలానా రాసేవరకు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

రెన్యువల్‌కు వెళితే కట్టవలసిన మొత్తం నిరుటికంటే బాగా పెరిగి కనిపించింది. ఆలస్యానికి జరిమానా వేశారని ఆయన బాధపడ్డారు. వాస్తవానికి అది జరిమానా కాదు, పోగొట్టుకున్న రాయితీ. కారు పాలసీలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించినది థర్డ్ పార్టీ భాగం. దాని ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 నుండి 1500 సి.సి. కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. గడువు దాటినంత మాత్రాన ఆ ధర పెరగదు. పెరిగేది రెండవది, మన బండికే జరిగే నష్టానికి సంబంధించిన ఓన్ డ్యామేజ్ భాగం. క్లెయిమ్ చేయని మొదటి సంవత్సరానికి 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం చొప్పున ఇందులో నో క్లెయిమ్ బోనస్ దక్కుతుంది. పాలసీ ముగిసిన 90 రోజులలోపు రెన్యువల్ చేయించకపోతే ఆ బోనస్ మొత్తం రద్దవుతుంది.

లెక్క సులువు కోసం ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుందాం. ఐదేళ్లు క్లెయిమ్ లేని ఈ కుటుంబం 6,000 కట్టేది. ఇప్పుడు 12,000 కట్టాలి. తిరిగి 50 శాతానికి చేరాలంటే మరో ఐదేళ్లు. పైగా బండి తనిఖీ జరిగితేగానీ సాధారణంగా ఓన్ డ్యామేజ్ పాలసీ ఇవ్వరు.

ఇక్కడ గల్ఫ్ కుటుంబాలు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ బోనస్ బండిది కాదు, యజమానిది. విదేశం వెళ్లేముందు కారు అమ్మేసేవారు బీమా సంస్థ నుండి బోనస్ పత్రం తీసుకుంటే, మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు దానిని వాడుకోవచ్చు. మన వాళ్లలో దీన్ని అడిగి తీసుకునేవారిని మేము అరుదుగా చూశాం.

ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడట. పాత పాలసీ ముగిసిన తేదీని కాస్త ముందుకు జరిపి రాస్తే బోనస్ నిలుస్తుందని. ఇంటి ఇల్లాలు వెంటనే, "అలా రాయొద్దు బాబూ, ఎంతైతే అంత కడతాం" అన్నారు. దీన్‌పరంగా ఆమె మాటే సరైనది, లోకరీతిగానూ అదే క్షేమం. క్లెయిమ్ వచ్చిన రోజున సంస్థ పాత సంస్థను విచారిస్తుంది. అబద్ధం బయటపడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

ఆ సమయంలోనే ఒక యువకుడు, "బీమాయే సందేహాస్పదం కదా చాచా, పోతే పోయింది" అన్నాడు. ఈ మాట మేము తరచూ వింటాం. వాణిజ్య బీమాలో గరర్, అంటే తీవ్రమైన అనిశ్చితి ఉన్నందున అది హరామ్ అనీ, పరస్పర సహకార బీమాయే దానికి ప్రత్యామ్నాయమనీ జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1985లో తీర్మానించిన మాట నిజమే. ఆ కారణంతో ఓన్ డ్యామేజ్ భాగాన్ని మనస్సాక్షిగా వదులుకునేవారిని మేము గౌరవిస్తాం. కాని థర్డ్ పార్టీ బీమాను 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. చట్టం నిర్బంధించిన ఈ భాగానికి ఉలమాలో అనేకులు అనుమతినిచ్చారు. పైగా ఈ కుటుంబం కాగితం మరచిపోయిందే తప్ప తఖ్వాతో వదలలేదు. మరపుకు ఫత్వాను అడ్డుపెట్టడం మాకు నచ్చలేదు.

ఆ రాత్రి మమ్మల్ని కలవరపెట్టింది పెరిగిన ప్రీమియం కాదు. ఆ ఐదు నెలలూ ఆ కారు రోజూ మస్జిద్‌కు, బజారుకు తిరిగింది. ఏ కూలీనో, బడిపిల్లనో ఢీకొని ఉంటే? పరిహారాన్ని ట్రిబ్యునల్ మృతుని వయస్సు, ఆదాయం, అతనిపై ఆధారపడినవారిని బట్టి లెక్కిస్తుంది. బీమా లేనప్పుడు ఆ భారం బండి యజమానిపై పడుతుంది. అంటే నడిపింది తండ్రే అయినా నోటీసు దమ్మామ్‌లోని కొడుకు పేరిట కూడా వచ్చేది. ప్రమాదం జరిగాక పరుగెత్తి ప్రీమియం కట్టినా జరిగిపోయిన దానికి అది వర్తించదు.

పొరపాటున జరిగిన ప్రాణనష్టానికి సైతం మృతుని కుటుంబానికి దియత్ చెల్లించాలని సూరా అన్నిసా 92వ ఆయత్ విధించింది. ఆ మొత్తం ఒక్కడి శక్తికి మించినది కనుక దైవప్రవక్త (సఅసం) కాలంలో హంతకుని వంశీయులు, అంటే ఆఖిలా, కలిసి దానిని మోసేవారు. నేడు మన వెనుక అటువంటి ఆఖిలా ఏదీ? బాధితుని ఇల్లు మాత్రం నాటిలాగే గడవాలి. అతనిది హఖ్. మనం క్షమాపణ కోరినంత మాత్రాన అది తీరదు.

చిత్రమేమిటంటే, ఆ ఇంట్లో జకాత్ లెక్కకట్టే రోజు పిల్లలకు సైతం తెలుసు. పాలసీ తేదీ ఎవరికీ తెలియదు. మేము బయలుదేరేలోపు ఆ ఇల్లాలు గోడమీది క్యాలెండరులో కొత్త పాలసీ ముగిసే తేదీకి గుర్తు పెట్టారు. భర్త ఫోను నంబరును బీమా సంస్థకు ఇప్పించారు. తర్వాత చిన్నబ్బాయిని పిలిచి బైకు కాగితాలు తెమ్మన్నారు. 2018 సెప్టెంబరు నుండి కొత్త బైకుకు ఐదేళ్ల, కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే తీసుకోవాలి. అందువల్ల ఆ బైకు సంగతి అంతా మరచిపోయారు. చూస్తే, ఆ ఐదేళ్లు నిండటానికి మిగిలింది పదకొండు రోజులు.