గ్యాస్ మాత్రలతో పోయే నెలలు

కడుపు క్యాన్సర్‌తో వార్డులో చేరిన వారిని మేము మొదట అడిగేది, "ఈ బాధ ఎన్నాళ్ళ నుండి?" అని. "ఆరు నెలలుగా ఉంది సిస్టర్, గ్యాస్ అనుకున్నాం" అన్న జవాబే తరచుగా వింటాము. ఆ ఆరు నెలలూ మెడికల్ షాపు మాత్రలతో గడిచిపోయి ఉంటాయి. మాత్ర వేసుకుంటే మంట తగ్గుతుంది. మంట తగ్గితే జబ్బు తగ్గిందని ఇంటివారు అనుకుంటారు. లోపల గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందరూ ఆపరేషన్‌కు భయపడతారు కాని, ఆపరేషన్‌కు ముందు పోగొట్టుకున్న ఆ నెలలకే ఎక్కువ భయపడాలని మా అభిప్రాయం.

2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 9 లక్షల 70 వేల మందిలో ఈ జబ్బు కొత్తగా బయటపడింది. సుమారు 6 లక్షల 60 వేల మంది దీనితో చనిపోయారు. ఇది ఆడవారిలో కంటే మగవారిలో దాదాపు రెట్టింపు. మన దేశంలో మిజోరంలో చాలా ఎక్కువ.

జపాన్‌లో కూడా ఈ జబ్బు ఎక్కువే. అయినా బ్రతికేవారు కూడా అక్కడ ఎక్కువే. ఎందుకంటే 1983 నుండి అక్కడ దేశమంతటా కడుపు పరీక్షలు చేస్తున్నారు. అందువల్ల చాలామందికి జబ్బు మొదటి దశలోనే దొరుకుతోంది. అలా దొరికిన వారిలో నూటికి 90 మందికి పైగా ఐదేళ్ళు దాటి బ్రతుకుతున్నారు. మన దగ్గర అందరికీ ఆ పరీక్షలు అవసరం లేదు. లక్షణాలు ఉన్నవారు వాయిదా వేయకుండా ఉంటే చాలు.

దీనికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మక్రిమి. దీనిని కనుగొన్న ఆస్ట్రేలియా డాక్టర్లు వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి ఉన్నవారందరికీ క్యాన్సర్ రాదు. ఉందని తేలితే మాత్రం డాక్టరు రాసిన మందులు మధ్యలో మానకుండా పూర్తిగా వాడాలి. పొగ త్రాగడం, ఉప్పు ఎక్కువగా పట్టించి నిల్వ చేసిన ఆహారం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

కొద్దిగా తిన్నా కడుపు నిండినట్లుండటం, ఆకలి మందగించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులు, నల్లటి విరేచనం, రక్తం తగ్గిపోవడం, ముద్ద దిగకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. నలభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ మాత్రలు మానగానే మళ్ళీ వస్తుంటే, ఎండోస్కోపీ అవసరమా అని అడగండి. సన్నని గొట్టంతో చేసే ఈ పరీక్ష కొద్ది నిమిషాలలో అయిపోతుంది. అనుమానం ఉంటే అప్పుడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

ఇక ఆపరేషన్ సంగతి. "కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందట కదా సిస్టర్" అని చాలామంది అడుగుతారు. అది నిజం కాదు. జబ్బు పాకేది ఆలస్యం వల్ల. 1881లో వియన్నా నగరంలో డాక్టర్ బిల్‌రోత్ కడుపులో క్యాన్సర్ ఉన్న భాగాన్ని తీసివేసి మొదటిసారి విజయం సాధించారు. నేడు జబ్బు ఉన్న భాగాన్ని, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులను కలిపి తీసివేస్తారు. అవసరమైతే కడుపు మొత్తం తీసి, అన్నవాహికను చిన్నప్రేగుకు కలుపుతారు. చాలామందికి ఆపరేషన్‌కు ముందు, తరువాత కీమోథెరపీ కూడా ఉంటుంది. జబ్బు కాలేయానికో మరో చోటికో పాకితే మాత్రం ఆపరేషన్‌తో నయం చేయడం సాధారణంగా సాధ్యం కాదు. అందుకే మా తొందర.

కడుపు తీసేసినా మనిషి బ్రతకగలడు. పూటకు పళ్ళెం నిండా కాకుండా రోజుకు ఆరేడుసార్లు కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. తీపి ఎక్కువైతే గుండెదడ, చెమటలు రావచ్చు. కడుపు మొత్తం తీసినవారు జీవితాంతం బి-12 ఇంజక్షన్లు మానకూడదు. "ఇంకో ముద్ద తిను" అని బలవంతం పెట్టవద్దని ఇంటివారికి మా మనవి.

మేము కూడా ఇరుగుపొరుగు వారికి "గ్యాస్ అయి ఉంటుందిలే, మాత్ర వేసుకో" అని చెప్పినవాళ్ళమే. ఇక అలా చెప్పకూడదని నిర్ణయించుకున్నాము. మీ ఇంట్లో నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతున్న పెద్దవారు ఉంటే, ఈ వారమే వారిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకురండి.