వెబ్ పేజీ చేసేదీ తెలుగు పనే

తెలుగు చదివిన అమ్మాయి టీచరవుతుంది, కంప్యూటరు చదివిన అమ్మాయి బెంగుళూరు పోతుంది. మా ఊర్లో లెక్క ఇంతే. మాది కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, బలసముద్రం. తాలూకాకు మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను ఎల్ల దాటి తెలుగు చదువుకోవడానికి వస్తానంటే మా చిన్నాన్న అడిగిన మొదటి మాట, "దాంతో ఏం చేస్తావు మ్మా?" అని. ఇక్కడికొచ్చాక హాస్టల్లోనూ అదే మాట. మన క్లాసులోనే బి.సి.ఏ. సీటు దొరక్క తెలుగులో చేరామని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు.

ఆ లెక్క నాకు ఒప్పుదలగా లేదు. వెబ్ పేజీలను కొత్త పద్ధతుల్లో చేసి చూడడం, భాష మీద పరిశోధన చేయడం, పాఠం చెప్పడం – వీటిని మనం మూడు వేరే వేరే బతుకుదారులనుకుంటున్నాం. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఒకటి చేయబోతే మిగతా రెండూ చేయక తప్పదు. ఆ పనికి మన శాఖలో చదివినవాళ్ళు చాలా అవసరం. ఎందుకో చెబుతాను.

'స్త్రీ' అన్న మాట తీసుకోండి. మనకు అది ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ అందుకుని, తావత్తునూ క్రావడినీ వాటి వాటి చోట్ల కూర్చి చూపించే పని ఫాంటుది. ఆ ఫాంటుకు పైనా కిందా ఎంత జాగా వదలాలో చెప్పే పని పేజీ చేసేవాళ్ళది. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచిపెట్టిన ఎత్తులోనే తెలుగు వరసనూ ఇరికిస్తే కింద వత్తులు తెగిపోతాయి. ఒక దరఖాస్తు పేజీలో ఆడా మగా అని అడిగే గడిలో 'స్త్రీ'కి కింది సగం లేదు. దాన్ని చేసినవాళ్ళకు కోడు బాగానే వచ్చుంటుంది. వత్తు కూడా అక్షరంలో భాగమేనని చెప్పే మనిషి ఒక్కరూ ఆ గదిలో లేకపోయారు.

ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఐఫోన్లను ఆపేసింది. ఆ అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి మెసేజీగా వస్తే, మెసేజీలు చూపించే యాప్ మూతబడేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతబడేది. ప్రపంచమంతా వార్త అయింది. యాపిల్ అదే నెలలో సరిచేసింది. అంత పెద్ద కంపెనీ ఫోను ఒక సంయుక్తాక్షరం దగ్గర తడబడింది. సంయుక్తాక్షరం ఎట్లా పుడుతుందో, ఏ హల్లు పైన ఉంటుందో, ఏది వత్తుగా కిందికి దిగుతుందో మనం వ్యాకరణం గంటలో చదువుకుంటున్నాం. ఆ గంటలో ఆవలించే మనకు అది ఒక సాంకేతిక విద్య అని తోచదు.

ఈ మూడు పనులనూ కలిపి బతికినవాళ్ళు నిజంగా ఉన్నారా అంటే ఉన్నారు. విండోస్‌లో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు మీరు చూసే ఉంటారు. దాని వెనక ఉన్న పెద్దమనిషి ఆర్.కె. జోషి, మరాఠీ ఆయన. కవి, చేతిరాత కళాకారుడు. మొదట ప్రకటనల రంగంలో పనిచేశారు. 1983 నుంచి 1996 దాకా ఐఐటీ బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌లో పాఠాలు చెప్పారు. తర్వాత ముంబైలోనే ఒక ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థలో కూర్చుని భారతీయ లిపులకు ఫాంట్లు చేయించారు. అంతకుముందు ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు. దాన్ని దించుకోకపోతే తెరమీద కనబడేది గజిబిజి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి కూడా వచ్చింది. ఏ ఫాంటూ దించుకోకుండా తెలుగు చదవగలగడం చాలామందికి అట్లా మొదలైంది.

బ్రిటన్‌లో ఫియోనా రాస్ అనే ఆమె ఉన్నారు. 1978లో లైనోటైప్ కంపెనీలో చేరి భారతీయ లిపుల అచ్చక్షరాల మీద పనిచేశారు. బెంగాలీ అచ్చక్షరం ఎట్లా మారుతూ వచ్చిందో పరిశోధించి పుస్తకం రాశారు. రెడింగ్ విశ్వవిద్యాలయంలో అక్షరాల రూపకల్పన నేర్పారు. 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదటి పుస్తకాలు వచ్చినప్పుడు వాటిలో మన పెద్దన 'మనుచరిత్ర' కూడా ఉంది; ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లీషు అనువాదం. ఆ గ్రంథమాలకు తెలుగు అక్షరాలు తీర్చినవాళ్ళలో ఆమె ఒకరు. ఆ అక్షరాలే తర్వాత 'టిరో తెలుగు' అనే పేరుతో అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి.

మనవాళ్ళు లేరా అంటారేమో. పురుషోత్ కుమార్ గుత్తుల, ఇంకా కొందరు చేసిన ఫాంట్లను సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసింది. వాటి పేర్లు చదవండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. పక్కనే శ్రీకృష్ణదేవరాయ. భువనవిజయం మొత్తం ఫాంట్ల పట్టికలోకి ఎక్కేసింది. మనం పరీక్షకు బట్టీపట్టే వరసను ఎవరో పనిముట్లుగా మార్చి మన చేతికిచ్చారు.

ఆ పట్టికలోనే 'గిడుగు' కూడా ఉంది. ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు రామమూర్తి గారి బతుకు చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషను నేర్చుకున్నారు. ఆ పిల్లలకు బడి పెట్టించి, చదువుకోవడానికి పుస్తకాలు తయారుచేశారు. 1930లలో ఆయన సవర వ్యాకరణం, నిఘంటువులు అచ్చయ్యాయి. పుస్తకం లేదు కాబట్టి తయారుచేయాలి, తయారుచేయాలంటే భాషను పరిశోధించాలి, పరిశోధించింది పిల్లలకు అందాలంటే పాఠం చెప్పాలి. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది సరిగ్గా ఆ పని గురించే. ఆయనకు అచ్చు యంత్రం ఉండేది, మనకు తెర ఉంది.

ఇక మా ఊరి సంగతి. బలసముద్రం పేరు మీలో కొందరు విని ఉంటారు. పావగడ సోలార్ పార్కు ఉన్న అయిదు ఊర్లలో మాది ఒకటి. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతులు భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వానల్లేని నేలకు అది మంచిదో చెడ్డదో ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ చెనిక్కాయలు పండిన నేల మీద పలకలు లేచాక, ఆ నేలతో పాటు ఉండిన మాటలకు పని లేకుండా పోయింది. మడక, గొర్రు, గుంటక, కళ్ళం. మా చెల్లెలు వయసు పిల్లలకు వీటిలో రెండు కూడా తెలియవు.

మా అమ్మ తెలుగు మాట్లాడుతుంది, కన్నడం చదువుతుంది. మా తాలూకాలో ఇట్లాంటి వాళ్ళు ఇంటింటికీ ఉన్నారు. వాళ్ళ మాటను వాళ్ళే చదువుకోలేరు. పోయిన సెలవుల్లో దీనికోసం ఒక చిన్న వెబ్ పేజీ చేశాను. సూత్రం చాలా సులభం. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్ళు ఇచ్చారు. అవి అయిపోయిన వెంటనే కన్నడానికి 128 గళ్ళు. లోపల వరస ఇంచుమించు ఒకటే. కాబట్టి తెలుగు 'క' సంఖ్యకు 128 కలిపితే కన్నడ 'క' వస్తుంది, 'మ'కు కలిపితే 'మ' వస్తుంది. ౘ, ౙ లాంటి కొన్నింటికి మాత్రం అవతల జోడీ లేదు. రెండు రాష్ట్రాల నడుమ ఎల్ల దాటడానికి బస్సు టికెట్టు కావాలి, ఇక్కడ ఒక కూడిక చాలు.

అక్షరాలకు 'బాలూ' అనే ఫాంటు కుటుంబం తీసుకున్నాను. అందులో కన్నడ ఫాంటు పేరు 'తమ్మ', తెలుగు ఫాంటు పేరు 'తమ్ముడు'. ఆ పేర్లు చూసే ఎంచుకున్నానని ఒప్పుకుంటాను. కన్నడ 'తమ్మ'ను గీసింది దివ్యా కౌశిక్, శుచితా గ్రోవర్ అనే ఇద్దరు ఆడవాళ్ళు. మీకు తెలిసిన 'హింద్' ఫాంటు చేసింది మానుషి పారిఖ్. ఈ పనిలో ఆడపిల్లలకు చోటు ఎవరో కొత్తగా ఇవ్వాల్సిన పని లేదు, ఇప్పటికే ఉంది.

మా అమ్మ సేద్యం గురించి చెప్పిన మాటలను ఆమె యాసలోనే రాసి పేజీలో పెట్టాను. మీట నొక్కితే తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాలవుతాయి. అమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని చదివింది. చదివి, "ఇదేమే, నేను మాట్లాడినట్టే ఉండాది" అనింది. ఊరుకోలేదు. గొర్రుతో విత్తేది వేరే, గుంటక తోలేది వేరే, రెండూ విడదీసి రాయమనింది. ఇంకో పది మాటలు చేర్చమనింది. పక్కింటి అత్తను పిలిచింది. సాయంత్రానికి నా దగ్గర నలభై మాటలున్నాయి, ఒక్కోదానికి అర్థం, వాడుక. అది పరిశోధన. మరుసటి వారం మా వీధి పిల్లలు ఇద్దరు అదే పేజీలో రెండు లిపులనూ పక్కపక్కన పెట్టుకుని తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టారు. సగానికి పైగా అక్షరాలు వాళ్ళకు ముందే తెలిసినట్టు అయింది. అది పాఠం. నేను ఒక పేజీ చేద్దామని కూర్చున్నాను, మిగతా రెండూ వాటంతటవే వెంటబడ్డాయి.

దీనికి ఎదురుమాటలు ఉన్నాయి. మన శాఖ కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ కాదు, సాహిత్యం చదవాల్సిన సమయం ఇట్లాంటివాటికి పోతుందని మేడంలు అనొచ్చు. సమయం పోతుంది, నిజమే. కానీ మా అమ్మ మాటలు రాసేటప్పుడు ౘ, ౙల గురించి నేను చదివినంత శ్రద్ధగా పరీక్షకు ఎప్పుడూ చదవలేదు. రెండో మాట జీతం గురించి. ఇట్లాంటి పనుల్లో నెల జీతం భరోసా తక్కువ. ఒక ఫాంటు పని వస్తుంది, అయిపోతుంది. ఒక ప్రాజెక్టు వస్తుంది, అయిపోతుంది. మా చిన్నాన్న భయం అబద్ధం కాదు. జోషి గారూ ఫియోనా రాస్ గారూ కూడా కంపెనీ, బడి, పరిశోధన అంటూ ఒకదాన్నుంచి ఒకదానికి మారుతూ నడిచినవాళ్ళే. అందుకే బి.ఎడ్. మానేయమని ఎవరికీ చెప్పను. నేనూ రాస్తాను. టీచరు ఉద్యోగం వచ్చినా ఈ పని ఆగాల్సిన అవసరం లేదు, గిడుగు వారు బడిపంతులుగా ఉంటూనే ఆ పని మొదలుపెట్టారు.

మన శాఖకు రెండు మనవులు. ఒకటి, సెమినారు పేపరు బదులు ఎవరి ఊరి మాటలు వాళ్ళు సేకరించి, అర్థాలతో వెబ్ పేజీ చేసి ఇచ్చినా మార్కులు వేయండి. బి.సి.ఏ. అక్కలను అడిగితే కోడు దగ్గర సాయం చేస్తారు. వాళ్ళకూ వత్తులు తెగకుండా చేయడం మన దగ్గర నేర్చుకోవాల్సి ఉంటుంది. రెండు, ఈ గోడపత్రిక. నెల తిరిగేసరికి ఈ కాగితాలు ఊడి బీరువా మీద కట్టలో చేరతాయి. మన అక్కలు పదేళ్ళ కిందట ఏం రాశారో మనం చూడలేదు. ప్రతి సంచికనూ టైపు చేసి పేజీగా పెడదాం, పక్కన కన్నడ లిపి మీట కూడా పెడదాం. అప్పుడు ఈ గోడ దాకా రాలేని మా అమ్మలాంటి వాళ్ళూ మీరు రాసింది చదువుతారు.

టైపు చేయడానికి ముందుకొచ్చేవాళ్ళు ఈ కాగితం కింద పేర్లు రాయండి. మీ ఇంటి దగ్గర వాడి, ఇక్కడ ఎవరికీ తెలియని మాట ఒకటుంటే పేరు పక్కన అదీ రాయండి. మొదటి పేరు, మొదటి మాట నేను రాసిపెట్టాను.